పద్నాలుగో నంబరు చెత్తడబ్బా

నార్మన్ టాటర్సాల్‌కి ఉన్న పిచ్చి ఒక్కటే. చెత్తడబ్బాలు.

చెత్తడబ్బా ఇంటికొకటి అందరికీ ఉంటుంది. కాని ఇంగ్లండులో ఈ లిథమ్ ఊళ్ళో మా హెరన్ వీధి డబ్బాలన్నీ తన సొంతమేనని నార్మన్ నమ్మకం. చెత్త లారీ శుక్రవారం పొద్దున వస్తుంది. ఒక వారం నల్లడబ్బా, మరో వారం కాగితాలకి నీలం డబ్బా, వేసవిలో తోట చెత్తకి గోధుమరంగుది. ఏ వారం ఏ రంగో మాలో ఒక్కరికీ గుర్తుండదు. గురువారం సాయంత్రం కర్టెన్ పక్కకి జరిపి, నార్మన్ గుమ్మం ముందు ఏ రంగుంటే ఆ రంగే మేమూ బయట పెడతాం. ఒకసారి అతను నీలానికి బదులు నలుపు పెడితే వీధి వీధంతా నలుపే పెట్టింది. లారీవాళ్ళు నవ్వుకుంటూ ఉత్త చేతులతో పోయారు. ఆ అవమానానికి నార్మన్ వారం రోజులు ఎవరికీ మొహం చూపించలేదు.

ఈ పిచ్చి ఇంటి దగ్గరే ఉండిపోతే నాకేం బాధ లేదు. అది మాతోపాటు ఓడ ఎక్కేది.

మేం ముగ్గురం ఓడ ప్రయాణాలు మరిగినవాళ్ళం. నార్మన్, అతని భార్య విన్నీ, బెరిల్ అనే నేను. మా ఆయన హ్యారల్డ్ పోయాక, "ఒక్కదానివీ ఇంట్లో కూర్చుని గోడలతో మాట్లాడతావా ఏమిటి, రా మాతో" అని విన్నీ నన్ను లాక్కెళ్ళింది. అప్పట్నుంచి ఏడాదికి రెండుసార్లు వెళుతూనే ఉన్నాం. మా ఊళ్ళో మాలాంటి రిటైరైనవాళ్ళు చాలామందే ఉన్నారు. బుధవారాలు మొక్కల దుకాణంలోని టీ గదిలో కలుస్తాం. అక్కడ కూర్చున్నంతసేపూ ఓడ కబుర్లు. తీరా ఓడ ఎక్కాక అన్నీ ఇంటి కబుర్లు. మోకాళ్ళు, ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్లు, పక్కింటివాళ్ళ కంచె, దంతాల డాక్టరు. సముద్రం మీద సూర్యుడు అస్తమిస్తుంటే మేం బాయిలర్ల గురించి మాట్లాడుకుంటాం. మా జాతి అంతే.

ఆ కబుర్లలో కూడా నార్మన్‌ది ప్రత్యేకమైన దారి. నేపుల్స్‌లో అగ్నిపర్వతం చూపిస్తే, చాలాసేపు చూసి, "ఆ బూడిదంతా ఏ డబ్బాలో వేస్తారో పాపం" అన్నాడు. వెనిస్‌లో చెత్త మోసుకెళ్ళే పడవ కనిపించింది. ఇంకేముంది, ఆ ఊరినుంచి మేం తెచ్చుకున్న ఫొటోలన్నీ ఆ పడవవే. ఒక్కదాంట్లో విన్నీ ఉంది. అదీ సగమే.

కెప్టెన్ విందు ఇచ్చిన సాయంత్రం సంగతి మరీ ఘోరం. అందరూ ఆయన్ని సముద్రం లోతెంత, తుఫాను వస్తే ఏం చేస్తారు అని అడుగుతున్నారు. నార్మన్ టై సర్దుకుని, "అయ్యా, ఈ ఓడలో చెత్త ఎన్ని రకాలుగా విడదీస్తారు?" అన్నాడు. ఆ ప్రశ్న కోసమే పుట్టినట్టు కెప్టెన్ మొహం వెలిగిపోయింది. ఇద్దరూ ఓ మూల చేరి విందు అయ్యేదాకా మాట్లాడుకున్నారు. విన్నీ కొత్త నీలం గౌను తొడుక్కుని వచ్చింది, ఒక్కరూ చూడలేదు.

"గౌను బాగుందా అని అడిగాను బెరిల్," అంది నాతో ఆ తర్వాత. "ఏమన్నాడో తెలుసా? 'కాగితం వారం రంగు' అన్నాడు!"

వీటన్నిటికన్నా విన్నీ తల ప్రాణం తోకకి తెచ్చేది శుక్రవారం ఫోను. ప్రపంచంలో ఎక్కడున్నా సరే, శుక్రవారం పొద్దున ఫలహారం కాగానే నార్మన్ మా వీధిలో ఉండే డెరిక్‌కి ఫోన్ చేస్తాడు. డెరిక్ ఒకప్పుడు బస్సు నడిపేవాడు. భార్య పోయింది, ఒక్కడే ఉంటాడు. కిటికీ దగ్గర నిలబడి ఒక్కో ఇంటి డబ్బా సంగతీ చూసి చెబుతాడు.

"ఆరు?"

"బయటే ఉంది."

"పది?"

"బయటే. మూత సరిగ్గా పడలేదు."

"పన్నెండు?"

ఇలా వీధి చివరిదాకా. ఏథెన్సు రేవులో మాతో దిగాల్సిన మనిషి, పద్దెనిమిదో నంబరు మూత గురించి చర్చిస్తూ మాకు బస్సు తప్పిపోయేలా చేశాడు.

పద్నాలుగో నంబరు దగ్గర మాత్రం డెరిక్ గొంతు కాస్త తగ్గేది. అది ఐవీ ఎంట్విజిల్ గారిల్లు. ఒకప్పుడు బ్లాక్‌పూల్‌లో సెలవులకి వచ్చేవాళ్ళకి గదులు అద్దెకిచ్చి, వేళకి రానివాళ్ళకి భోజనం పెట్టకుండా బతికిన మనిషి. ఎనభై దాటినా ఆ దర్జా పోలేదు. ఒక్కర్తే ఉంటుంది, ఎవర్నీ గడప తొక్కనివ్వదు. చెత్త రాత్రంతా వీధిలో నిలబడితే పరువు తక్కువని, డబ్బా శుక్రవారం పొద్దున్నే పెడుతుంది. అదీ పెదవులకి రంగు వేసుకుని మరీ. లారీవాళ్ళు చూస్తారు కదా!

ఒకసారి వాన పడుతోందని నార్మన్ ఆవిడ డబ్బా తనే తోసిపెట్టబోయాడు.

"నా డబ్బా వదులు," అంది గుమ్మంలోంచి.

"వాన పడుతోందండీ, ఐవీ గారూ."

"వాన పడితే నేనేం కరిగిపోను. నా చెత్తతో నీకేం పని? ఇంకోసారి దాని మీద చెయ్యి వేశావంటే నిన్నే అందులో వేసి లారీ ఎక్కిస్తాను!"

ఇక అసలు సంగతికొస్తాను. టాటర్సాల్ దంపతుల యాభయ్యో పెళ్ళిరోజుకి నార్వే వెళ్ళాం. టిక్కెట్లు కొన్నరోజే విన్నీ మాట తీసుకుంది. "ఈ ఒక్క ప్రయాణంలో డబ్బా అన్న మాట నీ నోట రాకూడదు. ఫోన్ చేశావంటే, పై ఏడు నేనూ బెరిలూ వెళతాం, నువ్వు ఇంట్లో కూర్చుని నీ డబ్బాలకి కాపలా కాసుకో." నార్మన్ ఒప్పుకున్నాడు. విన్నీ ఉత్తుత్తి బెదిరింపులు బెదిరించే మనిషి కాదని అతనికి తెలుసు.

సరిగ్గా పెళ్ళిరోజే శుక్రవారం వచ్చింది. ఓడ రెండు కొండల మధ్య నెమ్మదిగా పోతోంది. ఎటు చూసినా జలపాతాలే. విన్నీ శాలువా తెచ్చుకుంటానని గదికి వెళ్ళింది. నార్మన్ మాయమయ్యాడు. నాకు అనుమానమొచ్చి వెతికితే, పై అంతస్తులో ప్రాణరక్షణ పడవ వెనక నక్కి, దొంగలా ఫోన్ చెవికి పెట్టుకుని ఉన్నాడు.

"బెరిల్, నీ కాళ్ళు పట్టుకుంటాను. విన్నీకి చెప్పకు."

"నా మోకాళ్ళు బాగాలేవు, పట్టుకోకు," అన్నాను. నవ్వాపుకోలేక అక్కడే నిలబడ్డాను, ఈ వేడుక నేనెందుకు వదులుకోవాలి?

"పన్నెండు?" అన్నాడు ఫోన్‌లో.

"బయటే."

"పద్నాలుగు?"

"లేదు," అన్నాడు డెరిక్.

"సరిగ్గా చూడు."

"చూశాను. లేదయ్యా. కర్టెన్లు కూడా తియ్యలేదు."

నార్మన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. నా నవ్వు ఆగిపోయింది.

"ఆవిడ ఇంటికి ఫోన్ చెయ్యి," అన్నాడు. డెరిక్ చేసి, మళ్ళీ పిలిచాడు. ఎవరూ ఎత్తడం లేదట.

"వెళ్ళి తలుపు కొట్టు డెరిక్. ఈ ఫోన్ కట్ చెయ్యకు."

"నేనా? మొన్న క్రిస్మస్‌కి కార్డిద్దామని వెళితే చీపురు పట్టుకుని వచ్చిందయ్యా!"

"చీపురు పట్టుకుని వస్తే మంచిదే. మనిషి వచ్చిందని తెలుస్తుంది. వెళ్ళు!"

నార్మన్ అంత గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. విన్నీ కూడా వినలేదనుకుంటాను. శాలువా కప్పుకుని మా వెనకే వచ్చి నిలబడి ఉంది.

"పెళ్ళిరోజున!" అంది. "మాటిచ్చి, ఈ పెళ్ళిరోజున కూడానా నార్మన్? ఆవిడ చెత్త వేస్తే నీకేం, వెయ్యకపోతే నీకేం?"

"చెత్త కాదు విన్నీ."

"మరేమిటి?"

అతను ఫోన్ స్పీకర్ పెట్టి, దానికేసి చూస్తూనే చెప్పాడు. "నేను ఇంటింటికీ పాల సీసాలు వేసే ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ సీసాలు చూసేవాణ్ణి. నిన్నటి సీసా లోపలికి తీసుకోకుండా గుమ్మంలోనే ఉంటే ఆ ఇంటి తలుపు కొట్టేవాణ్ణి. 'గుడ్లు మిగిలాయి, కావాలా' అనేవాణ్ణి. చూడ్డానికొచ్చానంటే ఎవరికి నచ్చుతుంది? ఒకరు మంచం మీంచి పడి ఉండేవాళ్ళు. ఒకరు జ్వరంతో లేవలేకపోయేవాళ్ళు. ఇప్పుడందరూ పాలు బజార్లో కొనుక్కుంటున్నారు. గుమ్మంలో సీసా లేదు. వీధిలోకి వచ్చేది ఇంకేముంది? డబ్బా ఒక్కటే కదా."

మా ఇంటి నంబరు ఎనిమిది. ప్రతి గురువారం సాయంత్రం, హ్యారల్డ్ పోయినప్పట్నుంచీ, నా డబ్బా పెట్టిన కాసేపటికి నార్మన్ అటుగా నడిచి వెళ్ళడం నేను చూస్తూనే ఉన్నాను. పనీపాటా లేదనుకునేదాన్ని.

ఫోన్‌లో తలుపు కొట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత డెరిక్ తలుపుకున్న ఉత్తరాల సందులోంచి పిలవడం. "ఎంట్విజిల్ గారూ! ఎంట్విజిల్ గారూ!"

ఎక్కడో లోపల్నుంచి సన్నగా, "అరవకు! నాకేం చెవుడు లేదు!"

ముగ్గురం ఒక్కసారే ఊపిరి వదిలాం.

"ఎక్కడున్నారండీ?"

"స్నానాల తొట్టిలో! నిన్న సాయంత్రం దిగాను, నడుం పట్టేసింది, లేవలేకపోతున్నాను. తాళం వెనక పూలకుండీ కింద ఉంది. మేడెక్కావంటే మాత్రం చంపేస్తాను!"

డెరిక్ తాళం తీసి లోపలికెళ్ళి, ఆవిడ ఇంటి ఫోన్‌లోంచే అంబులెన్సుకి కబురు పెట్టాడు. మగవాళ్ళని పంపితే ఒప్పుకోనని ఆవిడ షరతు. నీళ్ళు వదిలేసి, అందిన తువ్వాళ్ళన్నీ లాక్కుని కప్పుకుందట. డెరిక్ సగం మెట్లెక్కి, స్నానాలగదికి వీపు పెట్టి కూర్చుని, ఫోన్ పైకి పట్టుకున్నాడు.

"ఐవీ గారూ, చలేస్తోందా?" అన్నాడు నార్మన్.

"ఎవరది?"

"నార్మన్‌నండీ."

"నువ్వు నార్వే వెళ్ళావు కదా?"

"నార్వే నుంచేనండీ. మీ డబ్బా బయట లేదని..."

"ఇవాళ నలుపేనా?" అంది ఆవిడ.

"నలుపేనండీ."

"నేనూ నలుపే అనుకున్నాను," అంది. ఆ గొంతు బ్లాక్‌పూల్‌ని గడగడలాడించిన గొంతులా లేదు.

విన్నీ ముక్కు తుడుచుకుని, "ఇలా ఇవ్వు ఆ ఫోను," అని లాక్కుంది. అంబులెన్సు వచ్చేదాకా ఆవిణ్ణి మాటల్లో పెట్టింది. "ఐవీ గారూ, ఎంత బాగుందనుకున్నారు! అటూ ఇటూ కొండలు, పైనుంచి జలపాతం, చల్లటి నీళ్ళు దూకుతూ..."

"చలికి చస్తుంటే నీళ్ళ కబుర్లేమిటే!" అని ఆవిడ కసిరింది. "ఏదైనా వేడిగా ఉండేది చెప్పు."

విన్నీ అటూ ఇటూ చూసి, తన యాభయ్యో పెళ్ళిరోజున, అంత అందమైన చోట నిలబడి, కొత్తగా పెట్టించుకున్న బాయిలర్ గురించి చెప్పడం మొదలుపెట్టింది.

ఎంట్విజిల్ గారికి ఎముకలేం విరగలేదు. మేం తిరిగొచ్చేసరికి ఇంట్లోనే ఉంది. థాంక్స్ గీంక్స్ ఏమీ చెప్పలేదు. చెప్తుందని మేం అనుకోనూలేదు.

ఆ తర్వాతి శుక్రవారం పద్నాలుగో నంబరు డబ్బా మళ్ళీ బయట లేదు. నార్మన్ ఇంట్లో వేసుకునే చెప్పులతోనే పరిగెత్తాడు. తలుపు ఆవిడే తీసింది. పెదవులకి రంగు, మెడలో ముత్యాలు. "ఏమిటంత ఆలస్యం?" అంది. లోపల బల్ల మీద రెండు కప్పులు, కోసిపెట్టిన కేకు.

పై శుక్రవారమూ అంతే. ఆ పై శుక్రవారమూ అంతే.

"మతిమరుపు మొదలైందేమో," అన్నాను విన్నీతో.

"మతిమరుపూ లేదు, మట్టిగడ్డా లేదు," అంది విన్నీ. "డబ్బా పెడితే ఈయన రాడు కదా!"

నార్మన్‌కి ఆ సంగతి ఎప్పుడో తెలిసినట్టే ఉంది. ఇప్పుడు శుక్రవారాలు గడ్డం గీసుకుని, టై కట్టుకుని వెళుతున్నాడు. మొన్న నన్నూ తీసుకెళ్ళాడు, డెరిక్ అప్పటికే అక్కడ కూర్చుని రెండో ముక్క తింటున్నాడు. ఎంట్విజిల్ గారు వాళ్ళిద్దర్నీ ఏదో తప్పుపడుతూ టీ పోస్తోంది. అంతలో వీధి చివర లారీ చప్పుడైంది. ఆవిడ డబ్బా పెరట్లోనే ఉంది, మూత లేచేంత నిండుగా. నేను నార్మన్‌కేసి చూశాను. కుర్చీ అంచుకి జరిగాడు. లారీ పన్నెండో నంబరు దగ్గర ఆగింది. పద్నాలుగు దాటింది. పదహారు దగ్గర ఆగింది.

నార్మన్ వెనక్కి జారి సర్దుకుని కూర్చున్నాడు. "ఐవీ గారూ, కేకు ఇంకో ముక్క పెట్టండి," అన్నాడు.