జాజ్ అంటే జాక్ అనుకున్నారు

తెలంగాణ ఉద్యమం రోజులు. హైదరాబాద్‌లో ఒక హోటల్ జాజ్ సంగీత బృందంలో నేను బేస్ వాయించేవాణ్ణి. బేస్ అంటే వయొలిన్‌కు ముత్తాత. నాది ఏనుగుపిల్లంత ఉండేది. బంద్‌లతో హోటల్ మూతపడితే, దాన్ని ట్రాలీ ఆటోలో పడుకోబెట్టి నెల్లికుదురులో మా అక్క ఇంటికి బయలుదేరాను.

ఊరి ముందు రాస్తారోకో. కనీసం పదివేల మంది! మా అక్క నలభై అంటుంది, ఆమెకు అన్నీ తక్కువ చేసి చెప్పే అలవాటు.

"ఎవలన్నా మీరు? ఏ సంఘం?" అన్నాడు అక్కడి లీడర్.

"జాజ్..." అన్నాను భయంభయంగా.

ఆయనకు 'జాక్' అని వినబడింది. ఆ రోజుల్లో వకీళ్లకు, పంతుళ్లకు, ప్రతి కులవృత్తికీ ఒక జాక్, అంటే ఉద్యమ కమిటీ, ఉండేది.

"పట్నంకెళ్లి జాక్ సారొచ్చిండు!" అంటూ దండ వేసి మైకు చేతికిచ్చాడు.

పదేళ్లు అందరి వెనకా నిలబడి వాయించినవాణ్ణి, సభలో ఏనాడూ నోరు విప్పలేదు. దొంగ లీడరని తేలితే వీపు విమానం మోతే. మైకు పక్కన పెట్టి, బేస్‌ను కౌగిలించుకుని తీగలు మీటాను. దుమ్... దుమ్... మహబూబాబాద్ దాకా నేల అదిరింది. డప్పు కొట్టే అన్న ఒకడు దరువు కలిపాడు.

చప్పట్లయ్యాక లీడర్ ఉపన్యాసానికి లేచాడు. ముందు కూర్చున్న అవ్వ చెయ్యెత్తింది.

"బిడ్డా, నువ్వు గూడ జర గా సారు లెక్కనే మాట్లాడు. నోరు తెర్వకుంట!"

బేస్ వాయించేవాణ్ణి జనం వింటారని నాకు తెలిసింది ఆ రోజే.