సముద్రం దాటిన తాళంకప్ప

దెయ్యమనీ, గాలి సోకిందనీ ఎవరైనా అంటే ముఖం మీదే నవ్వేసే మనిషిని నేను. గ్రహణం పట్టినప్పుడు మా అత్తగారు గిన్నెల్లో దర్భలు వేసుకుంటూ తిరుగుతుంటే, నేను వంటింట్లో కూర్చుని ఆవకాయ అన్నం కలుపుకుని తిన్నదాన్ని. ఆవిడ పెట్టిన శాపనార్థాలు కూడా నాకేమీ తగల్లేదు. ఇదంతా ముందే ఎందుకు చెప్తున్నానంటే, కింద రాసింది చదివి "పాపం, దిగులుతో కనకానికి మతి చలించింది" అని ఎవరూ అనుకోకూడదు. నా మతి శుభ్రంగా ఉంది. భన్‌పురిలో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో రోజూ లారీలకి బిల్టీలు, అంటే సరుకు రసీదులు, రాస్తాను. ఇంతవరకూ ఒక్క లోడునీ తప్పు ఊరికి పంపలేదు.

పాత వస్తువులు సేకరించేవాళ్ల ఫోన్ గ్రూపు ఒకటుంది. మావారు అందులో ఉండేవారు, ఇప్పుడు ఆయన ఫోన్ నేనే చూస్తున్నాను. అందులో కొత్తగా చేరినవాళ్లెవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, "ఫారిన్ నుంచి కొంటామంటున్నారు, పంపొచ్చా?" అని. ఇక అందరూ లేస్తారు. ఒకరు కస్టమ్స్ అంటారు, ఒకరు దారిలో పగిలిపోతుందంటారు, మరీ పాతదైతే దేశం దాటించడం నేరమని ఇంకొకరు బెదిరిస్తారు. నేనేమీ రాయను. రాస్తే మొత్తం రాయాలి. అది ఇదిగో, ఇక్కడ రాస్తున్నాను.

మావారి పేరు సన్యాసిరావు. ఆ పేరు పెట్టినవాళ్లకి ఓ దండం. అంత వాగుడుకాయ మా కాలనీ దేవేంద్ర నగర్ మొత్తంలో ఇంకొకరు లేరు. పాలవాడితో ఈ ఊరి ఛత్తీస్‌గఢీ, ఉర్లాలో ఆయన పనిచేసే ఫ్యాక్టరీలో హిందీ, ఇంటికొస్తే నాతో శ్రీకాకుళం తెలుగు. నిద్రలో మూడూ కలిపి మాట్లాడేవారు. "మీకు నోరు నొప్పెట్టదేటండీ?" అని అడిగితే, "నొప్పెడితే నువ్వు కాపడం పెడతావు కదే" అనేవారు.

ఆయనకి ఉన్న పిచ్చి ఒక్కటే, పాత తాళంకప్పలు. భన్‌పురి కబాడీ దుకాణాల్లో తుక్కు కింద పడున్న వాటిని ఏరి తెచ్చేవారు. కిరసనాయిల్‌లో నానబెట్టి, తుప్పు గీకి, తాళంచెవి లేనివాటికి సొంతంగా ఆకురాయి పెట్టి చెవి చేసేవారు. చేస్తున్నంతసేపూ ఆ కప్పతో కబుర్లు. ఇల్లు పట్టనన్ని పోగయ్యాక నేను గొడవపెడితే, ఆన్‌లైన్‌లో అమ్మడం మొదలుపెట్టారు.

ఇక్కడ మా ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. మా మామగారు రైల్వేలో పార్సిల్ ఆఫీసులో చేశారు. పెట్టె వెళ్లిన బండిలో దాని చెవి వెళ్లకూడదన్నది ఆయన పట్టిన పట్టు. రిటైరయినా ఆ పట్టు వదల్లేదు. నా పెళ్లయిన కొత్తలో అందరం విశాఖపట్నం వెళ్తే, ట్రంకుపెట్టె మాతో వచ్చింది, చెవి జేబులో వేసుకున్న మామగారు వెనక బండిలో వచ్చారు. ఆయన వచ్చేదాకా కొత్త పెళ్లికూతుర్ని, బొగ్గు నుసి పడిన చీరతోనే చుట్టాల మధ్య కూర్చున్నాను. ఈ అలవాటు మావారికీ వచ్చింది. ఏ తాళం అమ్మినా కప్ప మూసి ఒక పార్సిల్, చెవి మర్నాడు ఇంకో పార్సిల్. దారిలో ఎవడు కొట్టేసినా వాడికి పనికిరాదనేవారు. ఇన్నేళ్లలో రెండూ చేరకపోవడమన్నది లేదు.

అలాంటప్పుడు ఒక తాళంకప్ప దొరికింది. ఇనుముది, అరచెయ్యంత, ముందు భాగంలో ఇత్తడి పువ్వు. మరీ పాతదేం కాదు, ఏదో గోదాముది. నొక్కితే మూసుకుపోతుంది, చెవి లేకుండా తెరుచుకోదు. దాని చెవి ఏనాడో పోయింది. ఎండాకాలమంతా కూర్చుని మావారే చేశారు. అది తెరుచుకున్న రోజు వీధంతా పిలిచి చూపించారు.

ఆన్‌లైన్‌లో పెట్టిన దాని ఫోటో చూసి యూరప్ నుంచి ఒక పెద్దాయన అడిగాడు. మావారు ఆయన్ని 'తాతగారు' అనేవారు. నాకు మొదటినుంచీ ఇష్టం లేదు.

"ఇక్కడైతే పోయినా ఎవడి కాలర్ పట్టుకోవాలో తెలుస్తుంది. అక్కడ ఎవర్ని అడుగుతారు?" అన్నాను.

"ఎహె, భన్‌పురి తుక్కులో పడున్నది సముద్రం దాటుతుందే! మనం దాటామేటి?" అన్నారు. ఆ సంబరం చూసి ఇంకేం అనలేకపోయాను.

పంపే రోజు పొద్దున్నే కప్పని భోజనాల బల్ల మీద పెట్టి, దానికో ముద్దు పెట్టి, నొక్కి మూశారు. మూస్తున్నప్పుడు వచ్చిన చప్పుడు నాకు బాగా గుర్తు. పోస్టాఫీసులో ఇచ్చి తిరిగొచ్చారు. చెవి బల్ల మీదే ఉంది, మర్నాడు పంపాలి.

"పంపేశారా?" అన్నాను. ఆయన నోరు తెరిచారు. ఏమీ రాలేదు.

వేళాకోళం అనుకున్నాను. "చాల్లెండి వేషాలు" అని నా పని చూసుకుంటున్నాను. మళ్లీ చూస్తే కళ్లల్లో నీళ్లు. గొంతులోంచి ఏదో చప్పుడు వస్తోంది గానీ మాట కావడం లేదు. ఓలమ్మో అని అరిచి పక్కింటి సాహూ గారి భార్యని పిలిచాను. ఆవిడే ఆటో తెచ్చింది.

డాక్టరు స్కాన్ చూపించి చెప్పారు, మెదడులో ఎడమవైపు, మాటకి సంబంధించిన చోట రక్తం అందలేదని. కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి. మనం చెప్పేది అర్థమవుతుంది. ఆయనకి మాట మాత్రం అందదు, రాత కూడా అంతే. కలం ఇస్తే గీతలు గీసి విసిరికొట్టేవారు. నాకు డాక్టరు మాట మీద అప్పుడూ అనుమానం లేదు, ఇప్పుడూ లేదు. అది జబ్బే.

ఆసుపత్రి గొడవలో చెవి సంగతే మర్చిపోయాం. కప్ప చేరింది, చెవి ఏదని తాతగారు అడిగాక గుర్తొచ్చింది. పోస్టు చేశాను. అది ఎక్కడో ఆగిపోయింది. వారాలు గడిచినా చేరలేదు. తాతగారు మంచివాడు, ఫర్వాలేదన్నాడు. మావారి జబ్బు గురించి నేనేమీ చెప్పలేదు. పరాయివాళ్ల జాలి నాకు పడదు.

ఇంట్లో ఆ నిశ్శబ్దం ఎలా ఉండేదో చెప్పలేను. ఇన్నేళ్లూ కాస్త నోరు మూసుకోండని అరిచినదాన్ని, ఫ్రిజ్ చప్పుడు వింటూ కూర్చునేదాన్ని. స్పీచ్ థెరపీకి తిప్పాను. నెలలు పోయాయి. 'అ' కూడా రాలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నం పెట్టి పెరుగు కోసం లేచాను. వెనకనుంచి వినపడింది.

"కనకం, పప్పులో ఉప్పు మర్చిపోయావే."

గిన్నె చేతిలోంచి జారిపోయింది. "ఏటన్నారు?" అన్నాను.

"ఉప్పు లేదంటన్నాను" అన్నారు. అని, ఆయనే బిత్తరపోయి పెదాలు తడుముకున్నారు. ఇద్దరం పిచ్చివాళ్లలా నవ్వాం, ఏడ్చాం. నా అరుపు విని, ఏమైందోనని సాహూ గారి భార్య "కా హోగే దీదీ?" అంటూ పరిగెత్తుకొచ్చింది. నేను ఆఫీసుకెళ్లినప్పుడు ఈయన్ని చూసుకునేది ఆవిడే. రోజూ చీలా అట్లు పోసి పెట్టి చంపేస్తున్నావు తల్లీ అని ఆవిడ భాషలోనే ఆటపట్టించారు. ఆవిడ విన్నది. కావాలంటే ఇప్పటికీ చెప్తుంది. సాక్ష్యం ఉండాలని రాస్తున్నాను.

ఆవిడ దేవుడికి కొబ్బరికాయ కొడతానని వెళ్లింది. ఈయన ఫ్యాక్టరీలో తన కుర్చీలో ఎవరు కూర్చున్నారో అడిగారు. ఇన్నాళ్లూ లోపల మాటలన్నీ ఉన్నాయట, బయటికి దారి లేదట. నేను టీ పెట్టాను. స్టవ్ దగ్గరికే వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

"ఇలా చూడు. ఇన్నేళ్లూ లోకంలో ఉన్నవన్నీ వాగాను గానీ, నీకు ఒక్కటి చెప్పలేదే. ఇన్ని నెలలూ అదే బెంగ, చెప్పకుండానే పోతానేమోనని. కనకం, నేను..."

అక్కడ ఆగిపోయారు. నోరు తెరిచే ఉంది. బల్ల మీద కప్ప మూసినప్పటి చప్పుడే మళ్లీ నాకు వినపడింది. నా భ్రమేనేమో, ఒప్పుకుంటాను. టీ పొంగి స్టవ్ ఆరిపోయింది. ఆయన నా చెయ్యి ఊపుతూ, ఊపుతూ, మాట కోసం తన్నుకులాడారు. రాలేదు.

చీకటి పడ్డాక ఫోన్ చూస్తే తాతగారి మెసేజ్. ఆయన స్నేహితుడు తాళాలు బాగుచేసేవాడట, పొద్దున వచ్చి కప్పలో తీగ పెట్టి తిప్పాడట. పట్టు వదిలి కొక్కెం కొంచెం పైకి లేచిందట. తీగ అలాగే ఉంచి కాఫీ తాగి వచ్చి, ముట్టుకునేసరికి జారి మళ్లీ మూసుకుపోయిందట. అక్కడ పొద్దున్న అంటే మనకి మధ్యాహ్నం.

అది చదివి నేను నవ్వలేదు. మళ్లీ మొదటినుంచి చదివాను. డాక్టర్ని అడిగితే, ఇలాంటి జబ్బులో మాట ఒక్కోసారి వచ్చి పోతుందన్నారు. తాళం సంగతి ఆయనకి చెప్పలేదు.

తాతగారికి మాత్రం రాశాను, దయచేసి మళ్లీ ప్రయత్నించమని, ఎప్పుడో ముందే చెప్పమని. చెప్పాడు. ఆ రోజు సెలవు పెట్టి మావారికి ఎదురుగా కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో ఆయనకి చెప్పలేదు. చాలాసేపటికి పెదాలు కదిలాయి. "క..." అన్నారు. "కన..." అన్నారు. అంతలో ఒక్కసారిగా గొంతు పట్టుకుని దగ్గడం మొదలుపెట్టారు, చేపముల్లు ఇరుక్కున్నవాళ్లలాగ.

తీగ లోపలే విరిగిపోయిందని మెసేజ్ వచ్చింది. ముక్క బయటికి రావడం లేదట. రంపంతో కోసేయమంటారా అని అడిగాడు. కోయొద్దు, కోయొద్దు అని వరసగా రాస్తూనే ఉన్నాను. నాకు పిచ్చి పట్టిందనుకునే ఉంటాడు. మావారికి ఆ దగ్గు పోలేదు. డాక్టర్లు గొంతులో టార్చి వేసి చూశారు, కెమెరా వేసి చూశారు. ఏమీ లేదన్నారు.

తర్వాత నేను పోస్టు చేసిన చెవి, అట్టపెట్టె నలిగి, మా ఇంటికే తిరిగొచ్చింది. ఎందుకు తిప్పి పంపారో చెప్పినవాళ్లు లేరు. పోస్టాఫీసులో అందరి మీదా అరిచాను. ఎవరేం చేస్తారు? లోపల తీగముక్క ఉండగా చెవి మళ్లీ పంపినా దూరదని, కప్పనే వెనక్కి పంపమని తాతగారిని బతిమాలాను. సరేనన్నాడు. ఆ తర్వాత జవాబుల్లేవు. పెద్దవాడు, ఏమైందో ఏమో.

చాలాకాలానికి అదే కప్ప ఫోటో వేరే దేశంలో ఎవరో అమ్మకానికి పెడితే చూశాను. అదే ఇత్తడి పువ్వు. 'తాళంచెవి లేదు, తెరుచుకోదు, గోడకి అలంకారంగా బాగుంటుంది' అని రాశారు. నాకివ్వమని రాసేలోపే అమ్ముడైపోయింది. ఎవరికో చెప్పమంటే చెప్పలేదు.

ఇప్పుడది ఏ ఊళ్లో ఏ గోడకి వేలాడుతోందో తెలీదు. ఎవరికి ఏ బుద్ధి పుట్టి ఏ రోజు రంపం పెడతారో తెలీదు. ఆఫీసులో బిల్టీ రాస్తూ రాస్తూ సాహూ గారింటికి ఫోన్ చేస్తాను, ఈయన బాగున్నారా అని. బాగున్నారంటుంది.

చెవి మావారి దగ్గరే ఉంది. పొద్దున్నే దానికి నూనె రాసి, గుడ్డతో తుడిచి, ఆ బల్ల మీదే పెడతారు. అది పనికిరాదని ఆయనకీ తెలుసు. అప్పుడప్పుడు అన్నం తింటూ ముద్ద ఆపేసి, ఎవరో పిలిచినట్టు తలెత్తి నోరు తెరుస్తారు. నేను స్టవ్ కట్టేసి ఎదురుగా వచ్చి కూర్చుంటాను. దగ్గు వస్తుంది. మళ్లీ ముద్ద కలుపుకుంటారు.

జబ్బే అని రోజూ నాకు నేను చెప్పుకుంటాను. మరి ఆ రెండు రోజులూ అలా ఎందుకు కలిశాయి? ఫారిన్‌కి పంపొచ్చా అని అడిగేవాళ్లకి ఒక్కటే చెప్పగలను. పంపితే పంపుకోండి, కప్పా చెవీ ఒకే డబ్బాలో పెట్టండి.

"కనకం, నేను..." అన్నారు ఆరోజు. ఆ తర్వాత ఏమిటో నాకు తోచినవన్నీ ఒక్కొక్కటే అడిగాను. అన్నిటికీ కాదనే తల ఊపారు. ఇప్పుడు అడగడం మానేశాను.