గాలిలో కాయలు కోసిన ఇల్లు

1962. గుంటూరు పక్కన మిరప పండించే ఒక పల్లెలో నేను నర్సుని. కాన్పులు, కట్లు, సూదిమందులు అన్నీ నావే. డాక్టరు కావాలంటే బండి కట్టుకుని గుంటూరు పోవాల్సిందే.

ఒక మధ్యాహ్నం అంజయ్య ఇంటికి రమ్మని కబురొచ్చింది. వెళ్లేసరికి అంజయ్య, ఆయన భార్య, కొడుకు వాకిట్లో వరసగా కూర్చుని మిరపకాయలు కోస్తున్నారు. అక్కడ చెట్లు లేవు, కాయలు లేవు. గాలిలోంచి తుంచి ఒళ్లో వేసుకుంటున్నారు. "అత్తా, ఆ సాలు నువ్వు కొయ్యి" అని అంజయ్య భార్య పక్కనున్న ఖాళీ చోటుకి చెబుతోంది. ఆ అత్త పోయి చాలా ఏళ్లయింది.

కోడలు సుబ్బులు నిండు గర్భిణి. ఆమెని పందిరి రాటకి కట్టేశారు.

"ఇంటిల్లిపాదికీ పిచ్చెక్కితే దీనికొక్కదానికే ఏం కాలేదు. చిల్లంగి పెట్టింది. పళ్లు పీకితేగానీ దిగదు" అన్నాడు పక్కింటాయన. చేతిలో పట్టకారు ఉంది. పళ్లూడితే చిల్లంగి మంత్రం పలకదని ఆ రోజుల్లో నమ్మకం.

"ఆగవయ్యా! ముందు నా పళ్లు పీకు, తర్వాత దాని దగ్గరికి పో" అని కేకేశాను. వెళ్లి సుబ్బులుకి అడ్డంగా నిలబడ్డాను.

అంజయ్యని పట్టి చూశాను. ఒళ్లు పెనంలా కాలుతోంది. నాలుక పిడచకట్టుకుపోయింది. ప్యూపిల్స్, అంటే కంటిపాపలు, అంత ఎండలోనూ విప్పారి ఉన్నాయి. ఆయన ఉబ్బసం మనిషి, పిల్లికూతలు వీధి చివరికి వినిపించేవి. ఆ రోజు అవి లేవు. హాయిగా ఊపిరి పీలుస్తున్నాడు. నన్ను అన్నిటికంటే భయపెట్టింది అదే.

"మీ మావయ్య ఉబ్బసానికి ఏం వాడుతున్నాడే?" అని సుబ్బులుని అడిగాను.

"ఉమ్మెత్తాకు చుట్ట చుట్టి కాలుస్తారండీ. మొన్న గింజలు కూడా తెచ్చి మిరపగింజల పక్కన చేటలో ఎండబెట్టుకున్నారు."

చేటలు రెండూ ఖాళీగా ఉన్నాయి.

"అత్తయ్య అన్నీ కలిపి కారంలో దంచేసిందండీ!" అంది సుబ్బులు బావురుమంటూ. ఆ రెండు గింజలూ పక్కపక్కన పెడితే నేనూ పోల్చుకోలేను.

"మరి నువ్వు తినలేదా?"

"గుండెల్లో మంటంటే కారం మానెయ్యమంది మీరే కదండీ."

పక్కింటాయన పట్టకారు కింద పడేసి కట్లు విప్పాడు. ముగ్గురికీ స్టమక్ వాష్ చేశాను, అంటే గొట్టంతో కడుపు కడగడం. తడిగుడ్డలు కప్పి, ఆ పక్కింటాయన బండిలోనే గుంటూరు పంపాను. బతికి తిరిగొచ్చారు. కాయలు కోసిన సంగతి ఒక్కరికీ గుర్తులేదు.

ఆకే కదా, గింజే కదా, ఏం చేస్తుందిలే అనుకుంటాం. ఊపిరాడించే గింజే మతి పోగొడుతుంది. ఆ తర్వాత ఏ ఇంటికెళ్లినా మందు పేరుతోపాటు దాన్ని ఎక్కడ ఆరబెట్టారో కూడా అడిగేదాన్ని.

కొన్నాళ్లకి సుబ్బులుకి కాన్పు చేశాను. నొప్పులకి పళ్లు బిగబట్టి మూలిగింది. చెక్కుచెదరని ఆ పళ్ల వరస చూసి, పిల్లకంటే ముందు నేనే ఏడ్చేశాను.