అమ్మ తినని అప్పం

మొన్న కార్ఖానా బజారులో ఐస్‌క్రీమ్ కోన్లు అప్పటికప్పుడు కాల్చి ఇచ్చే దుకాణం ముందు నిలబడ్డాను. మైదా మాడీ మాడకుండా కాలే ఆ వాసన ముక్కుకు తగిలేసరికి, ఏ రుచి కావాలని మా అమ్మాయి మూడుసార్లు అడిగినా వినిపించలేదు. అది మా మెట్టుగూడ కథోలిక గుడి వెనక, సిస్టర్ల మఠం వంటగదిలో, పూజలో సత్ప్రసాదంగా పంచే అప్పాలు అమ్మ కాల్చే వాసన.

ఉప్పు లేదు, చక్కెర లేదు, ఉత్త మైదా, నీళ్లు. పొడుగు పిడుల ఇనుప పెనం రెండు రేకుల మధ్య పిండి పోసి, బొగ్గుల కుంపటి మీద అటూ ఇటూ తిప్పి, పలచగా వచ్చిన రొట్టెను విరిగిపోకుండా తడిగుడ్డలో కాసేపు ఉంచి, గుండ్రటి అచ్చుతో చిన్న చిన్న అప్పాలుగా కోసేది. కోయగా మిగిలిన అంచులు మా పిల్లల సొమ్ము. శనివారం పొద్దున తొక్కుడుబిళ్ల ఆట సగంలో వదిలేసి మఠం వెనక గేటు దగ్గర కాపు కాసేవాళ్లం. ఎండాకాలం పచ్చిమామిడి ముక్కల మీది ఉప్పూకారం అద్దుకొని, క్రిస్మస్ ముందైతే కల్‌కల్ మిఠాయి పాకం గిన్నె అడుగు తుడుచుకొని ఆ అంచులు నమిలేవాళ్లం. దేవుడి రొట్టెతో ఆటలా అని సిస్టర్ చెవి మెలిపెడితే, పూజలో పెట్టనంతవరకు అది వట్టి రొట్టేనని అమ్మ ఎదురు చెప్పేది. ఎదురు చెప్పడంలో అమ్మ ఎవరికీ తీసిపోదు.

వారం వారం అన్ని అప్పాలు కాల్చినా, ఆదివారం ఒక్కటీ అమ్మ నోట్లో పడేది కాదు. తమ్ముడి కాన్పులో చావు తప్పి బయటపడ్డాక, ఇక చాలని పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకుంది. అది మా కథోలిక శ్రీసభ బోధకు విరుద్ధం. ఆ సంగతి తనే ఫాదర్‌గారికి మఠం వరండాలో చెప్పింది. ఆయన గుంటూరు వైపు నుంచి వచ్చినవారు, చెడ్డవారేం కాదు, బతిమాలినంత పని చేశారు.

"పాపసంకీర్తనంలో పాపం ఒప్పుకొని, తప్పయిందని ఒక్క మాట అనమ్మా, సరిపోతుంది. అప్పటిదాకా సత్ప్రసాదం ఇవ్వలేను."

"నాకు బాధ లేదు ఫాదర్. ఉందని దేవునికి అబద్ధం చెప్పాల్నా?"

అదే ఆపరేషన్ చేయించుకున్న మా పెద్దమ్మ ఆ ఒక్క మాటా అనేసి, ఆ తర్వాతి ఆదివారమే సత్ప్రసాదం వరుసలో నిలబడింది.

సత్ప్రసాదం లోకొననివాళ్లు, అంటే నోట పుచ్చుకోనివాళ్లు, మామూలుగా వెనక తలుపు దగ్గర సర్దుకుంటారు. అమ్మ మాత్రం, లోకొనేవాళ్లలాగే పొద్దున్నుంచి ఏమీ తినకుండా వచ్చి, నెత్తిన కొంగు కప్పుకొని, ఆడవాళ్ల వైపు మొదటి చాప మీద బాసిపట్టు వేసుకొని కూర్చునేది. పీఠం దగ్గరికి వెళ్లేవాళ్లంతా ఆమెను చుట్టి పోవలసిందే. సత్ప్రసాదానికి ముందు, నేను యోగ్యురాలిని కాను ప్రభూ అని అందరూ చేసే ప్రార్థన అందరికంటే గట్టిగా చేసేది. ఇంటికొచ్చాక పెద్దమ్మను నిలదీసేది.

"యోగ్యులం కామని అందరం అన్నం గద? మల్ల నన్నొక్కదాన్నే ఆపుడేంది?"

 

ఎనిమిదో ఏట నా మొదటి సత్ప్రసాదం. తెల్లగౌను, మల్లెల కిరీటం, చేతిలో కొవ్వొత్తి. తల్లీదండ్రీ పిల్లను పీఠం దాకా తీసుకెళ్లి తామూ లోకొనాలి కనుక, అమ్మకు బదులు పెద్దమ్మ వస్తే బాగుంటుందన్నారు సిస్టర్. "నా బిడ్డను నేనే తీస్కపోత" అంది అమ్మ. పీఠం ముందున్న కటకటాల దగ్గర ముగ్గురం మోకరించాం. ఫాదర్‌గారు నాన్నకు పెట్టారు, నా నాలుక మీద పెట్టారు, అమ్మ ముందు ఒక్క క్షణం ఆగారు. అమ్మ నోరు తెరిచే ఉంది. ఆయన దాటిపోయారు.

నాకు ఒళ్లు మండిపోయింది. అప్పాన్ని చేత్తో తాకడమే మహాపాపమని నేర్చుకున్నదాన్ని, నోట్లోంచి తీసి, తుంచి, సగం అమ్మ పెదవుల దగ్గర పెట్టాను. అమ్మ నా చెయ్యి పట్టుకొని రెండు ముక్కలూ నా నోట్లోనే పెట్టింది.

"నీది నువ్వే తిను. నాది నాకియ్యాలె" అంది, ఫాదర్‌గారికి వినబడేలా. వరుస మొత్తం అయిపోయేదాకా అక్కడినుంచి లేవలేదు.

ఇప్పుడు ఆ కటకటాలు లేవు. కుంపటి లేదు, పెనం లేదు, అంచుల కోసం గేటు దగ్గర కాచుకునే పిల్లలూ లేరు. అప్పాలు ప్యాకెట్లలో వస్తాయి, వాటికి వాసనే ఉండదు. ఆదివారం వరుస గుమ్మం దాటుతుంది. ఇంటికి ఇద్దరే పిల్లలు, ఒకచోట ఒక్కరే, అదెలా సాధ్యమైందని ఎవరూ ఎవరినీ అడగరు. మంచిదే, కానీ నాకు మండుతుంది. వాళ్లంతా చెప్పలేదు, అమ్మ చెప్పింది, తేడా అంతే. సత్ప్రసాదం లోకొనకుండానే, ఆ ఒక్క మాటా అనకుండానే అమ్మ పోయింది.

ఇద్దరు పిల్లల తర్వాత నేనూ ఆ ఆపరేషన్ చేయించుకున్నాను. మా గుడికి కొత్త ఫాదర్ వచ్చినప్పుడల్లా ముందుగా వెళ్లి ఆ సంగతి చెప్తాను, నాకు బాధ లేదనీ చెప్తాను, అమ్మ కథా చెప్తాను. ఒకాయన తల దించుకున్నారు. ఒకాయన, అవన్నీ పాత రోజులమ్మా అని నవ్వేశారు. అందరూ నాకు సత్ప్రసాదం ఇచ్చారు. తప్పయిందని అమ్మకు మాత్రం ఇంతవరకు ఒక్కరూ అనలేదు.