వంద స్పీడులో ఆగిపోయిన అమ్మవారు

సుబ్బరాయుడన్న రాయి చెక్కుతుంటే చూడడం నాకు పాత అలవాటు. ఆళ్లగడ్డలో కడప రోడ్డు మీద ఆయన షెడ్డుకు ఎదురుగానే నా టైలరింగ్ షాపు. మధ్యాహ్నం పూట ఆ షెడ్డులోంచి రాతిపొడి లేచి, ఎండలో తేలుతూ రోడ్డు దాటి, నా మిషను మీద వాలుతుంది. కుట్టిన జాకెట్లన్నీ మళ్లీ దులపాలి. తిట్టుకుంటూనే దులుపుతాను, తిట్టుకుంటూనే అటు చూస్తాను. నేను చర్చికి పోయేదాన్ని, బొమ్మలకు మొక్కను. కానీ మొద్దురాయిలోంచి ఒక చెంప, ఆ తర్వాత ఒక పెదవి మెల్లగా బయటికొస్తుంటే నా కాలు పెడల్ మీదే ఆగిపోతుంది, ఏం చేయను!

ఆయనదో రకం మనిషి. అన్నానికి పిలిస్తే పలకడు, రాతితో మాత్రం ముచ్చట్లాడతాడు. "నాతో ఎప్పుడన్నా ఇంత మెత్తగా మాట్లాడినాడా ఈయప్ప?" అని వాళ్లావిడ నా దగ్గరికొచ్చి మొత్తుకునేది.

పోయిన శనగ కోతలప్పుడు ఆదోని అవతల ఒక ఊరికి అమ్మవారిని చేశాడు. ఆయన పద్ధతిలో కళ్లు అన్నిటికంటే చివర. మంచి గడియ చూసి, విగ్రహానికి నీళ్లు పోసి, ఎదురుగా అద్దం పెట్టి, సన్న ఉలితో కనుపాపలు తెరుస్తాడు. ఒకసారి తెరిచాక మళ్లీ ఉలి తగలనివ్వడు. అది చూడాలని ఆ ఊరివాళ్లకు ఆశ పుట్టింది. కోతలు వదిలి రాలేరు. "ఫోన్లో చూపియ్యప్పా, గుడి ముందర పెద్ద టీవీ పెట్టుకుంటాం" అన్నారు.

ఆ మాటకు ఆయన ఎంత మురిసిపోయాడో! చెక్కడమే గానీ, ఒక ఊరు ఊరంతా కూర్చుని ఆయన చేతిని చూసింది ఎప్పుడు? ఆ సంబరంలోనే ఇంటర్నెట్ పెట్టించుకున్నాడు. పెట్టింది నా మేనల్లుడు ఫిలిప్పే. కరపత్రం మీద రాకెట్టు బొమ్మ, దాని కింద 'వంద ఎంబీపీఎస్ మెరుపు వేగం' అని లావు అక్షరాలు. సినిమా పెట్టి చూస్తే నీళ్లు పారినట్టు పారింది. అందరం నమ్మేశాం.

గడియ సాయంత్రం పడింది. ఫిలిప్ ఫోన్ పట్టుకున్నాడు. అవతల పిల్లల కేకలు, డప్పుల మోత. సుబ్బరాయుడన్న ఉలి ఎత్తాడు. నాకు బస్సుల హారన్లు కూడా ఎక్కడో దూరంగా, నిద్రలో విన్నట్టు అయిపోయాయి. టిక్కు, టిక్కు... రాయి మమ్మల్ని చూసింది.

అప్పుడే ఫోన్లో కేక. "పగిలింది! అమ్మ మొగం పగిలింది!"

డప్పులు ఆగిపోయాయి. మేం ఉలిక్కిపడి చూస్తే విగ్రహం మీద వెంట్రుకంత గీత లేదు. వాళ్ల టీవీలో మాత్రం బొమ్మ ముక్కలైందట. ముక్కు ఒక గడిలో, కన్ను ఇంకో గడిలో పడి, అట్లాగే నిలిచిపోయిందట.

ఊరిపెద్ద లైన్లోకొచ్చాడు. "కండ్లు తెరిచే గడియలోనే మొగం పగిల్నాదంటే ఆమెకు మా ఊరికి రావాలని ల్యా. పగిలిన మొగం గుళ్లో పెట్టం. లారీ పంపం." అంతే, ఫోన్ పెట్టేశాడు.

నేను ఫిలిప్ చొక్కా పట్టుకున్నాను. "వంద అంటివే! యాడ పోయిందిరా నీ వంద?"

"వచ్చేదానికి వంద అత్తా. ఈడ నుంచి పోయేదానికి అంత ల్యా. అందులోనూ సాయంత్రం అందరూ పెట్టుకుంటారు గదా, ఇంకా తగ్గుతాది. కరపత్రం కింద చిన్నగా రాసిండారు."

"చీమలు చదువుకునేదానికా?"

వాడు నంద్యాలలో నెట్టు ఆఫీసుకు ఫోన్ చేశాడు. అంతా సరిగ్గానే ఉందన్నారు. ఊరిపెద్దకు చేసి, పగిలింది బొమ్మ కాదు, నెట్టు అని మొత్తుకున్నాడు. ఆయన వినలేదు. "పొద్దున పూట బాగొస్తాది, ఇంకోసారి కండ్లు తెరిచినట్టు చూపిద్దాం" అని ఫిలిప్ అంటే, సుబ్బరాయుడన్న తల అడ్డంగా ఊపాడు.

"పుట్టిన బిడ్డను మళ్లా పుట్టియ్యమంటావేందిరా?"

అమ్ముడుపోని విగ్రహాల వరుసలో, రోడ్డు పక్కన అమ్మవారిని నిలబెట్టాడు. ఆ తర్వాత ఉలి ముట్టలేదు. షెడ్డులో చప్పుడు లేదు, నా మిషను మీద పొడి లేదు. శుభ్రంగా ఉన్న జాకెట్లను చూస్తే నాకు ఏడుపొచ్చేది. మసక చీకట్లో బస్సు లైట్లు ఆమె ముఖం మీదుగా జారిపోతుంటే, ఏ బస్సు ఎక్కాలో తెలియని ఆడమనిషిలా కనపడేది. "రేపు వస్తార్లేమ్మా" అని మనసులో అనేసి, అయ్యో ప్రభువా, అని నాలుక కరుచుకునేదాన్ని.

కోతలు అయిపోయాక ఒకరోజు అహోబిలం పోయే వ్యాను ఆగింది. నిండా ఆడవాళ్లు. షెడ్డు వైపు రాకుండా నేరుగా విగ్రహాల వరుస వెంట నడిచారు. ముందు నడుస్తున్న ముసలామె ఒకచోట టక్కున ఆగింది.

"ఈమేనే!"

ఆ ఊరివాళ్లే. ఆమె పేరు శేషమ్మ. అమ్మవారి నొసలు, ముక్కు, గడ్డం తడిమి చూసి సుబ్బరాయుడన్నను కేకేసింది. "ఏమప్పా, పగిలిందన్నారే, యాడ?"

"అమ్మ పగల్యా అవ్వా. నెట్టు ఆగిపాయ."

"పాడైంది అదైతే దాన్ని మార్చుకో. మాయమ్మనేంటికి దుమ్ములో నిలబెట్టినావ్?"

"మీ పెద్దలు వద్దనిరి."

"వాళ్లు పగిలిందే చూసినారు. మేం అంతకుముందు చూసినాం. కండ్లు తెరిచి మా దిక్కే చూసె. మనల్ని చూసిన తల్లిని యాడన్నా రోడ్డు మీద ఇడిసిపెడతామా నాయనా? లారీ మాట్లాడు, ఈ పొద్దే తీసుకపోతాం."

సుబ్బరాయుడన్న అక్కడే కూలబడి, చిన్నపిల్లాడిలా గుక్కపట్టి ఏడ్చాడు. శేషమ్మ ఊరుకోమనలేదు. చీరకొంగుతో ముందు అమ్మవారి ముఖం మీద దుమ్ము తుడిచింది. తర్వాత అదే కొంగుతో వంగి ఆయన ముఖం తుడిచింది.