అట్ట మీద ఒకటి, లోపల ఒకటి

గుణదలలో ఆమోసు గారి దగ్గర వీడియో గేము సీడీ తెచ్చుకున్నవాళ్ళెవరికీ అడిగిన ఆట దొరికిన దాఖలా లేదు. డబ్బా మీద క్రికెట్ బొమ్మ ఉంటే లోపల కారు పందెం ఉండేది. కారు పందెం డబ్బాలో కుస్తీ ఉండేది. కుస్తీ డబ్బాలో ఏముందో తెరిచినవాళ్ళకే తెలియాలి.

ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. ఊరికే కూర్చోలేక గేముల మీద పడ్డారు. హాల్లో గోడ నిండా సీడీలే. ఎవరడిగినా లేదనరు. ఒకసారి ఎదురింటి డయానా పిల్లలకని అక్షరాల ఆట పట్టుకెళ్ళింది. పెట్టి చూస్తే తెర నిండా పుర్రెలు. పిల్లలు మంచం కింద దూరారు. మర్నాడు ఆవిడ సీడీ వాపసు తెస్తే ఆమోసు గారు నెత్తి కొట్టుకుని, భార్య అమలమ్మ గారి చేత పెసరట్టు వేయించి పెట్టి, ఇంకో డబ్బా ఇచ్చి పంపారు. అందులో ఫుట్‌బాల్ ఉంది.

వీధంతా నవ్వుకుంది. ఆయన కూతురు స్టెల్లాకు మాత్రం నవ్వు రాలేదు. ఆమె కోచింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. తోటి లెక్చరర్ వాళ్ళ నాన్నకు మతిమరుపు సరిగ్గా ఇలాగే మొదలైంది. ముందు కళ్ళజోడు ఎక్కడ పెట్టారో మర్చిపోయారు, తర్వాత ఇంటిదారి మర్చిపోయారు. స్టెల్లా భయపడి నాన్నను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. అడిగినవాటికన్నిటికీ ఆయన టకటకా జవాబులు చెప్పి, అడక్కపోయినా గూడూరు దాకా స్టేషన్లన్నీ వరసగా అప్పజెప్పారు. డాక్టరు ఏమీ లేదన్నాడు. ఆ సాయంత్రమే పుల్లయ్య వచ్చి, క్రికెట్ అడిగితే చదరంగం ఇచ్చారండీ అని డబ్బా తిరిగిచ్చాడు.

పుల్లయ్యది వన్ టౌన్. చాలాకాలం అక్కడ సీడీల కొట్టు నడిపాడు. జనం గేములు నెట్లోంచే దించుకోవడం మొదలెట్టాక కొట్టు మూతపడింది. అంతకుముందే భార్య రావమ్మ పోయింది. తప్పు సీడీలు అందరికంటే ఎక్కువగా వెళ్ళింది ఆయనకే.

ఇక సీడీలే లేకపోతే మర్చిపోవడానికి ఏముంటుందనుకుంది స్టెల్లా. సీడీ పట్టని కొత్త మిషన్ కొనుక్కొచ్చింది. ఆమోసు గారు దాన్ని నాలుగువైపులా తిప్పి తడిమారు.

"దీనికి నోరేదమ్మా?"

"నోరుండదు నాన్నా. ఆటలన్నీ నెట్లోంచే దిగుతాయి."

"మరి ఎవరైనా అడిగితే ఏమిచ్చేది?"

"ఎవరికీ ఇవ్వక్కర్లేదు. ఎవరింట్లో వాళ్ళు దించుకుంటారు."

ఆయన ముఖం వాడిపోయింది. సీడీలన్నీ ట్రంకుపెట్టెలోకి, పెట్టె అటక మీదికి ఎక్కాయి. ఆ తర్వాత ఆయన రిమోటు చేత్తో పట్టుకుని ఆడకుండా గుమ్మంకేసి చూస్తూ కూర్చోవడం మొదలుపెట్టారు. ఫోను చేయడం, పెట్టేయడం. ఎవరికని స్టెల్లా అడిగితే ఎవరికీ కాదనేవారు.

ఒక మధ్యాహ్నం కాలేజీ నుంచి వచ్చేసరికి ఆయన ఇంట్లో లేరు. అటకకు నిచ్చెన వేసి ఉంది, ట్రంకుపెట్టె మూత తెరిచి ఉంది. ఫోను సోఫాలోనే వదిలేశారు. అమలమ్మ గారు వంటింట్లోంచి వచ్చి చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

స్టెల్లా స్కూటీ తీసింది. మేరీమాత గుడి మెట్ల దగ్గర లేరు. రైల్వే గేటు దగ్గర లేరు. చివరికి స్టాండులో ఆటో తుడుచుకుంటున్న యేసుబాబు, నాన్నగారిని వన్ టౌన్‌లో దించానని, దారంతా తొందర పెట్టారని చెప్పాడు.

వన్ టౌన్‌లో నాన్నకు తెలిసినవాడు పుల్లయ్య ఒక్కడే. అక్కడి సందుల్లో తోపుడుబళ్ళను, బస్తాలను తప్పించుకుంటూ వాళ్ళనీ వీళ్ళనీ అడిగి పుల్లయ్య ఇల్లు పట్టుకుంది. ఇరుకు మెట్ల పైన, మూసిన తలుపు ముందు ఆమోసు గారు చంకలో ఒక డబ్బాతో నిలబడి ఉన్నారు. తలుపు బాదీ బాదీ అరచేయి ఎర్రబడింది.

"దారి తప్పావనుకున్నాను నాన్నా," అంది స్టెల్లా.

"పుల్లయ్య గారు ఫోనెత్తడం లేదమ్మా. లోపల గడియ పెట్టి ఉంది, పలకడం లేదు."

"ఆయన కోసం ఇంత కంగారేంటి?"

ఆయన మళ్ళీ ఒకసారి తలుపు బాదారు. "కొట్టు మూసేశాక ఈయన గది దాటి రావడం మానేశాడు. సరైన సీడీ ఇస్తే ఇంట్లో పెట్టుకుని కూర్చుంటాడు. తప్పుది ఇస్తే మార్చుకోవడానికి మళ్ళీ వస్తాడు. వస్తే మీ అమ్మ ఇంత అన్నం పెడుతుంది. సీడీలు అటకెక్కాక ఇటు రానేలేదు."

స్టెల్లాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. "మరి డయానాకెందుకిచ్చావు పుర్రెలు?"

"ఒక్కడికే ఇస్తే కనిపెట్టేస్తాడు కదమ్మా. అందుకే అందరికీ ఇచ్చాను."

ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండింటికీ వ్యవధి లేదు. ఇద్దరూ భుజాలు ఆనించి నెట్టారు. తలుపు కదల్లేదు. కింద కొట్టువాళ్ళను పిలుద్దామని ఆమె మెట్లు దిగబోతుండగా లోపల ఏదో గిన్నె పడిన చప్పుడైంది. ఆ తర్వాత చాలాసేపటికి గడియ జారింది.

పుల్లయ్య గోడ పట్టుకుని నిలబడ్డాడు. మాసిన గడ్డం, దుప్పటి, కాలిపోతున్న ఒళ్ళు. జ్వరం వచ్చి ఎన్నాళ్ళయిందో ఆయనకే తెలియదు. స్టెల్లా ఆయన్ని మంచం మీద కూర్చోబెట్టి, నీళ్ళు తాగించి, సందు చివరి డాక్టరును పిలిపించింది. డాక్టరు సూది వేసి, రెండ్రోజులు ఆలస్యమైతే కష్టమయ్యేదన్నాడు.

డాక్టరు వెళ్ళాక స్టెల్లా గది కలయజూసింది. మంచం, స్టవ్వు, కుర్చీ. టీవీ లేదు.

"అంకుల్, మీ గేమ్ మిషన్ ఏది?"

"నాకెక్కడిదమ్మా," అన్నాడు పుల్లయ్య. "కొట్లో అమ్మడమేగానీ ఏనాడూ ఆడింది లేదు. డబ్బా తెరిచి సీడీ చూస్తే చాలు, ఏ ఆటో తెలిసిపోతుంది."

ఆమోసు గారు మంచం మీదికి వంగారు. "మరి ఇన్నాళ్ళూ క్రికెట్ కావాలి, కుస్తీ కావాలి అని ఎందుకడిగారండీ?"

"ఊరికే భోజనానికి వస్తే బాగుండదు కదండీ. మీరేది ఇచ్చినా నాకొకటే."

ఆమోసు గారు కాసేపు చాలా కోపంగా కనబడ్డారు. తర్వాత స్టెల్లా నవ్వు ఆపుకోలేకపోవడం చూసి ఆయనా నవ్వేశారు.

ఇప్పుడు పుల్లయ్య చేతులూపుకుంటూ గుణదల వస్తున్నాడు. మొన్న ఆదివారం ఇద్దరూ కలిసి కొత్త మిషన్లో ఒక పెద్ద ఆట దించడానికి పెట్టారు. సాయంత్రం దాకా దిగేలా లేదని, నెట్టు స్పీడు పెంచనా అని స్టెల్లా అడిగింది.

"వద్దులేమ్మా," అన్నాడు పుల్లయ్య, కుర్చీలో కాళ్ళు చాపుకుంటూ. "దాన్ని నిదానంగా దిగనీ. వంటింట్లోంచి చేపల పులుసు వాసన వస్తోంది."