మోగని మీటర్

దయ్యాలనీ మహిమలనీ నేను ఎప్పుడూ నమ్మలేదు. ఇప్పుడు కూడా నమ్ముతున్నానని చెప్పలేను. హన్మకొండలో ఒక టెస్టింగ్ ల్యాబ్‌లో పనిచేస్తాను. కాంక్రీటు పగలగొట్టకుండా లోపల ఇనుప సలాకలు ఎక్కడున్నాయో కనుక్కోవడం నా పని. దానికి చేతిలో పట్టే మీటర్ ఉంటుంది. అయస్కాంత శక్తితో పనిచేస్తుంది. లోపల ఇనుము ఉంటే మోగుతుంది, లేకపోతే మోగదు.

పోయిన వానాకాలం నెక్కొండ దగ్గర ఒక ఊళ్లోని చిన్న ప్రార్థన మందిరానికి వెళ్లాను. పైన ఇంకో గది వేసుకోవాలని వాళ్ల కోరిక. స్లాబులో ఇనుము సరిగ్గా ఉందో లేదో నేను చెప్పాలి. ఆ రోజు శుక్రవారం, ఆడవాళ్ల ఉపవాస ప్రార్థన. మరియమ్మ అనే పెద్దావిడ చాపలు పరుస్తోంది. లోపలంతా కొత్తగా సున్నం వేశారు. పగుళ్లేమీ కనబడలేదు.

నిచ్చెన ఎక్కి మీటర్ ఆనించాను. స్తంభాల దగ్గర చక్కగా మోగింది. స్లాబు మధ్యకు వచ్చేసరికి మూగబోయింది. అటూ ఇటూ జరిపినా చప్పుడు లేదు. దిగి కిటికీ చువ్వకు పెట్టి చూస్తే మోగింది. బ్యాటరీ మార్చి మళ్లీ ఎక్కాను. మళ్లీ అంతే.

నిచ్చెన దిగి మరియమ్మ దగ్గరికి వెళ్లాను.

"అమ్మా, స్లాబుల ఇనుము కనబడ్తలేదు. ఇయ్యాల లోపల కూసోకుండ్రి," అన్నాను.

"ఇనుము లేకుంటే ఇన్నేండ్లు ఎట్ల నిలబడ్డది బిడ్డా?"

"తెల్వదమ్మా. జర నా మాట ఇనుండ్రి."

ఆమె చాపలు చుట్టేసింది. ఎదురింటి రేకుల కింద ప్రార్థన పెట్టుకున్నారు.

పాట సగంలో ఉండగా పెద్ద చప్పుడైంది. స్లాబు మధ్యలోని కాంక్రీటు పెళ్లలు పెళ్లలుగా కూలిపోయింది. తలుపులోంచి దుమ్ము బయటికి వచ్చింది. లోపల ఎవరూ లేరు.

దుమ్ము తగ్గాక గుమ్మంలో నిలబడి చూశాను. పైన సలాకలు వేలాడుతున్నాయి. స్లాబంతటా, ఉండాల్సిన దూరంలో, ఉండాల్సిన మందంలో. పాడైంది కాంక్రీటు. నీళ్లు ఇంకి ఇంకి, నలిపితే ఇసుకలా రాలుతోంది. సలాక ముక్క ఇరుక్కున్న ఒక పెళ్లను బయటికి లాగి మీటర్ పెట్టాను. వెంటనే మోగింది.

ల్యాబ్‌లో మీటర్‌ను పరీక్షించారు. లోపం దొరకలేదు. తేమ వల్ల అయ్యుంటుందన్నారు. తేమే అయితే స్తంభాల దగ్గర కూడా మోగకూడదు కదా.

"దేవుడే దాని నోరు మూసిండు," అంది మరియమ్మ.

ఒకటి మాత్రం నన్ను వదలదు. ఆ రోజు మీటర్ ఉన్నదున్నట్టు చెప్పి ఉంటే, ఇనుము బాగుందని వాళ్లను నేనే లోపల కూర్చోమనేవాణ్ని. అది ఎందుకు మోగలేదో నాకు ఇప్పటికీ తెలియదు.